పాత కారును స్టోరేజ్‌కి ఇస్తున్నారా? ముందు నా పద్మిని గతి చూడండి

విశాఖలో, చుట్టుపక్కల పాత కార్లు బాగుచేయించుకుని ముద్దుగా పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నెలకింత అని తీసుకుని కారును షెడ్డులో దాచే చోటికి మీ బండి ఇవ్వబోతుంటే అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి. వాళ్ల పేరు రాయను. వ్యవహారం నోటీసుల దాకా వెళ్లింది.

నాది 1983 ప్రీమియర్ పద్మిని, నాన్నగారు కొన్నది. రెండేళ్లు మెకానిక్‌ల చుట్టూ తిరిగి, 3 లక్షల 80 వేలు పెట్టి టింకరింగు, పెయింటు, ఇంజిన్ పని అన్నీ చేయించాను. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు బుష్‌ల కోసమే నాలుగు నెలలు ఆగాను. చివరికి బొంబాయిలో పాత టాక్సీలు విప్పేచోట దొరికాయి. అక్కడ కూడా 2023 అక్టోబరుతో పద్మిని టాక్సీల కాలం చెల్లింది కాబట్టి ఆ సామానూ ఇక ఎన్నాళ్లో దొరకదు.

2024 మార్చిలో మనవడు పుట్టాడని పుణె బయల్దేరాం. మా అపార్ట్‌మెంటులో కారు పెట్టేది ఆరుబయట. అందుకని సముద్రానికి కాస్త దగ్గర్లో ఉన్న ఒక స్టోరేజ్‌లో పెట్టాను, నెలకు 4,500. కుర్రాడు మర్యాదస్తుడు. "అంకుల్, మీరు నిశ్చింతగా వెళ్లండి. వారం వారం స్టార్ట్ చేస్తాం, వాటర్‌ప్రూఫ్ కవర్ వేస్తాం, ఫుల్ ట్యాంక్ చేసి ఇవ్వండి చాలు, నెలనెలా ఫొటో పంపిస్తాం" అన్నాడు. నాకు పట్టరాని సంతోషం. ఆరు నెలలనుకున్నది పదహారు నెలలైంది. 72 వేలు కట్టాను. విచిత్రం ఏమిటంటే, నేను మురిసిపోయిన ఆ మాటలే ఒక్కొక్కటిగా నా కారు కొంప ముంచాయి.

2025 జులైలో వెళ్లి కవరు లాగితే బానెట్ మీద పెయింటు బొబ్బలెక్కి ఉంది. గోరుతో గీరితే పొర లేచి, కింద ఎర్రటి తుప్పు. డోర్ల కింది అంచులు, ఫ్లోరు కూడా అంతే. వాటర్‌ప్రూఫ్ కవరు పైనుంచి నీటిని రానివ్వదు, నిజమే. కింద గచ్చులోంచి లేచే తేమను మాత్రం బయటికి పోనివ్వదు. రెండు వానాకాలాలు నా కారు ఆవిరి కుడుములా ఉడికింది. దానికితోడు ఉప్పుగాలి. ఎండాడ నుంచి భీమిలి దాకా ఏ ఇంటి కిటికీ గ్రిల్ చూసినా తెలుస్తుందది. ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకే తట్టలేదు. షెడ్డు లోపల కారు మీద వేసే కవరైతే గాలి ఆడే నూలుగుడ్డదే ఉండాలి.

గుమ్మడికాయంత మోసం వారం వారం స్టార్ట్ చేయడంలో ఉంది. ఆటోనగర్‌లో నా బండి చేసిన ముసలి మేస్త్రీ వచ్చి, ముందు ఆయిల్ పోసే మూత తిప్పాడు. మూత లోపలి వైపు పాల మీద మీగడలా తెల్లగా, జిగటగా పేరుకుని ఉంది. వేలితో తీసి నా ముఖం ముందు పెట్టి, "ఏటి బాబూ ఇది, ఇంజన్లో మజ్జిగ చిలికేరా?" అన్నాడు.

సంగతి ఇదీ. పెట్రోలు మండితే పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. బండి అరగంట రోడ్డు మీద తిరిగితే వేడికి ఆ తడి ఆరిపోతుంది. చోక్ లాగి, ఐదు నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే ఆ నీరు సైలెన్సర్లో నిలిచి తుప్పు పట్టిస్తుంది, ఆయిల్‌లో కలిసి ఆ తెల్ల మీగడవుతుంది. చోక్‌తో ఎక్కువగా వచ్చే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది కూడా. తిప్పగలిగితే బాగా వేడెక్కేదాకా తిప్పాలి, లేకపోతే అసలు ముట్టుకోకూడదు. దాచేముందు ఆయిల్ మార్చి, ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి చేత్తో ఇంజిన్‌ను తిప్పి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేస్తే సరిపోయేదని మేస్త్రీ అన్నాడు. నా సైలెన్సర్ని బూటుతో తన్నితే కాలు లోపలికి దిగింది.

ఫుల్ ట్యాంకు సంగతి. ఒకటి రెండు నెలలకైతే పరవాలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది, అక్కడ రేకు తుప్పు పడుతుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ ఈ పెట్రోలు కోసం చేసినవి కావు. నా ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన లేదు, వార్నిష్ వాసన. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ సన్నటి రంధ్రాల్లో (జెట్లలో) తుమ్మజిగురులాంటి పదార్థం. ఏడాది దాటే పనైతే ట్యాంకు ఖాళీ చేయించి, లోపల కాస్త నూనె తిప్పించి, కార్బురేటర్ ఎండబెట్టమని మేస్త్రీ సలహా.

ఇక ఫొటోలు. తిరిగొచ్చాక రాత్రి కూర్చుని వరసగా చూశాను. 2024 ఆగస్టు తర్వాతి ఫొటోలన్నిటిలోనూ వైపర్ కింద ఒకే ఎండు వేపరెమ్మ, ఒకే వంకరతో. పైకప్పు రేకు కంతలోంచి బానెట్ మీద పడిన ఎండచుక్క కూడా డిసెంబరులోనూ ఏప్రిల్‌లోనూ సరిగ్గా అదే చోట! ఒకేరోజు తీసి నెలకొకటి పంపారన్నమాట. బ్యాటరీ చచ్చాక స్టార్ట్ చేయడం మానేశారని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. కప్పుకి కంత ఉందని ఆ ఎండచుక్క నాకు నెలనెలా చెబుతూనే ఉంది, నేను మనవడి ఫొటోలు చూసుకుంటున్నాను.

మిగతావి గబగబా చెప్తాను. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేశారు, వెనక బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోయాయి. గేరులో పెట్టి చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి ఉంటే ఈ బాధ లేదు. స్టాండ్ల మీద ఎత్తలేదు, టైర్లు నేలకానిన చోట చదునైపోయాయి. వెనక సీట్లో ఎలుక కాపురం పెట్టి వైరింగు కొరికేసింది. మొత్తం మళ్లీ లక్షా డెబ్బై వేలు, ఇంకా పెయింటు మిగిలే ఉంది. తుప్పుకు మామూలు కారు ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు.

కుర్రాణ్ణి అడిగితే రెండు నెలల అద్దె వెనక్కిస్తానని, అగ్రిమెంటు ఆఖరి పేజీలో "ఓనర్స్ రిస్క్" (నష్టమొస్తే బండి యజమానిదే బాధ్యత) అన్న లైను చూపించాడు. అది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మా తోడల్లుడు వకీలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 తీసి చూపించాడు. అప్పగించిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని అందులో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. నాకు ఆధారాలుగా ఉన్నవి ఆ దొంగ ఫొటోలు, డబ్బు పంపిన రసీదులు. లేనిది ఒక్కటే, కారు అప్పగించిన రోజు కండిషన్ రాసి ఇద్దరం సంతకం పెట్టిన కాయితం. అది, కిలోమీటర్ల రీడింగుతో, మీరు తప్పకుండా రాయించుకోండి. షెడ్డు రేకులు గట్టిగా బిగించారో లేదో కూడా చూడండి. 2014 హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు.

ఇప్పుడు కారు పెందుర్తిలో తోడల్లుడి ఇంటి షెడ్డులో ఉంది. అద్దె లేదు గానీ, ఆదివారం ఆదివారం వాళ్లావిడ చేతి పెసరట్టు తిని పొగడాలి.

ఇప్పటికే ఎక్కడైనా కారు పెట్టి ఉంటే, చెప్పకుండా వెళ్లండి. కవరు ఎత్తి బానెట్ మూల తడిమి, ఆయిల్ మూత తిప్పి చూడండి. తెల్ల మీగడ కనిపిస్తే వాళ్లెంత చెప్పినా అక్కడ స్టార్ట్ చేయనివ్వకండి. లాక్కెళ్లే బండి పిలిచి తెచ్చేసుకోండి.