చార్మినార్ చుట్టూ, మనుషుల్ని అడుగుతూ ఆడిన ఆట

వీధిలో జట్లుగా ఆడే ట్రెజర్ హంట్‌కి చోటు ఎంచుకునేటప్పుడు చాలామంది అక్కడ చూడదగ్గవి ఏమున్నాయో చూస్తారు. నేనైతే ముందు ఆ వీధిలో ఉండే మనుషుల్ని చూడమంటాను. ఆట మొత్తం ముక్కూమొహం తెలియనివాళ్లను పలకరించడం మీదే నడుస్తుంది. వాళ్ల దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి, చెప్పాలని వాళ్లకూ ఉండాలి. వైజాగ్ బీచ్ రోడ్డు, ట్యాంక్‌బండ్ ఎంత అందంగా ఉన్నా, అక్కడ ఎదురయ్యేవాళ్లలో ఎక్కువమంది మనలాగే చూడ్డానికొచ్చినవాళ్లు. ఏదడిగినా "మాకూ తెలీదండీ" అంటారు. పాత బజార్లలో అయితే తాతల నాటి కొట్టులోనే కూర్చున్న మనుషులు దొరుకుతారు. అందుకే ఈసారి మా కజిన్స్ అందరం హైదరాబాద్ పాతబస్తీలో కలిశాం. విజయవాడ, ఏలూరు, వరంగల్ నుంచి వచ్చినవాళ్లం, హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లం కలిసి ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లయ్యాం.

అంతకుముందు ఐటీ కంపెనీలున్న వైపు ఒక మాల్‌లో డబ్బు కట్టి ఇలాంటి ఆటే ఆడాం. నాకది అస్సలు నచ్చలేదు. తెలియని ఐదుగురితో డాన్స్ చేయించి వీడియో తీయాలట, సెక్యూరిటీ గార్డుతో పాట పాడించాలట. డ్యూటీలో నిలబడ్డ గార్డు మనల్ని కాదనలేడు, సూపర్‌వైజర్ చూస్తే మాట పడేది కూడా అతనే. మా జట్టు ఆ పని చేయకుండా వదిలేసింది. దానికి మార్కులు తీసేశారు. నిర్వాహకులకు మేము చెప్పిందేమీ ఎక్కలేదు. ఆ రోజే అనుకున్నాం, ఇంకోసారి ఆడితే జట్లు చేయాల్సిన పనులుండే కార్డులు మనమే రాసుకోవాలని.

మలక్‌పేటలో ఉండే మా పెద్ద వదిన ఆ పని మీదేసుకుంది. పాతబస్తీ ఆమెకు కొట్టినపిండి. వదిన పెట్టిన నియమాలు చెబుతాను, ఎందుకంటే ఆట బాగా రావడానికి సగం కారణం అవే. ఫోన్‌లో మ్యాప్ చూడకూడదు, గూగుల్‌లో వెతకకూడదు. జవాబు మనిషి నోటి నుంచే రావాలి. కొట్టులో బేరం నడుస్తుంటే బయటే ఆగాలి, కొనేవాళ్లు వెళ్లాకే అడగాలి. అనుమతి తీసుకోకుండా ఎవరి మొహమూ ఫొటో తీయకూడదు. మసీదులు, గుళ్లు ఆటలో లేవు, అక్కడికి మామూలుగా వెళ్లొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ముందు వచ్చిన జట్టుకు అదనపు మార్కులు లేవు. ఈ చివరి నియమం వినగానే మా తమ్ముళ్లు "అయితే ఆటేముంది?" అన్నారు కానీ, తొందర లేకపోవడం వల్లే మేము ఎక్కడికక్కడ కూర్చోగలిగాం. హడావిడిగా వచ్చి ప్రశ్న విసిరేవాడికి ఎవరైనా ఒక్క ముక్కే చెప్పి పంపేస్తారు.

మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ వంతెన దాటి నడిచాం. మెట్రో అక్కడికే వస్తుంది, చార్మినార్ ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఆటో ఎక్కొచ్చు కానీ పొద్దున పూట ఈ నడక మానుకోవద్దు. ట్రాఫిక్ ఇంకా ముదరదు, పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా కనిపిస్తాయి. చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుంటూ కార్డులు పంచుకున్నాం. నిల్చునే తాగాలి, కూర్చునే చోటు కోసం వెతక్కండి. ఒక్క మాట, ఈ బజార్లలో కొట్లు తెరిచేసరికి పదకొండవుతుంది. అంతకుముందే ఆట మొదలుపెడితే మూసిన షట్టర్లతో మాట్లాడుకోవాలి. అందుకే ముందు టికెట్ కొనుక్కుని చార్మినార్ ఎక్కాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం మెట్లు ఇరుకు, ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే ఉండి గడియారాలు చూడటం నయం. నాలుగు వైపులా ఉన్న ఆ గడియారాలు 1889లో పెట్టినవి.

మొదటి కార్డు చార్‌కమాన్. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లున్నాయి. చార్మినార్ కట్టిన మరుసటి ఏడాదే, అంటే 1592లో కట్టారు. వాటి పేర్లు నలుగురు వేర్వేరు మనుషుల నుంచి తెలుసుకోవాలి, ఒకరి దగ్గర ఒక్క పేరే అడగాలి. మఛ్లీ కమాన్ పేరు వెంటనే దొరికింది, చార్మినార్ కమాన్ పేరు చెప్పనే అక్కర్లేదు. కాలీ కమాన్‌ని ఒక వెండి కొట్టాయన చూపించాడు. నాలుగోది షేర్-ఎ-బాతిల్ కమాన్. దాని పేరు అడిగేసరికి ఆ రోడ్డు మీద చిన్నపాటి సభే జరిగింది. ముత్యాల కొట్టు పెద్దాయన ఒకటి చెబితే, పక్కన పూలమ్మే ఆవిడ "అది కాదు భాయ్" అని ఇంకో పేరు చెప్పింది. మధ్యలో స్కూటర్ ఆపి మూడో ఆయన చేరాడు. మేము కాగితం పట్టుకుని నిలబడ్డాం, వాళ్లు వాళ్లే మాట్లాడుకున్నారు. నేను చూసిన ఏ గైడెడ్ టూర్‌లోనూ ఇలాంటిది దొరకలేదు.

భాష గురించి టెన్షన్ పడేవాళ్లకు చెబుతున్నా. మా జట్టులో ఎవరికీ ఉర్దూ రాదు, హిందీ అంతంతమాత్రం. అయినా ఎక్కడా ఆగిపోలేదు. కొట్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, రానివాళ్లు పక్క కొట్టు నుంచి తెలుగు వచ్చినవాణ్ణి పిలుస్తారు. "క్యా హోనా అమ్మా?" అని అడిగితే ఏం కావాలని అర్థమని మా చెల్లికి రెండో కొట్టులోనే తెలిసిపోయింది.

లాడ్ బజార్‌లో మేము అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు ఉండిపోయాం. కార్డులో ఉన్నది చిన్న పని: గాజుల కొట్టాయన జట్టులో ఒకరి చెయ్యి చూసి, కొలవకుండా సైజు చెప్పాలి, ఎలా చెప్పాడో మనం కనుక్కోవాలి. ఆయన మా చెల్లి చేతిని ఒక్కసారి చూసి "రెండు ఆరు" అన్నాడు. వేయించి చూస్తే సరిగ్గా పట్టింది. మణికట్టు చూడడట, పిడికిలి ముడిస్తే బొటనవేలి కింద ఎముక ఎంత లేస్తుందో చూస్తాడట, గాజు ఆగేది అక్కడే కాబట్టి. రెండు ఆరంటే రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. మా ఇళ్లలో రెండుంపావు, రెండున్నర అనే లెక్కే ఇక్కడ రెండు నాలుగు, రెండు ఎనిమిది. ఇన్నేళ్లుగా గాజులు కొంటున్న మా పిన్నికి కూడా ఈ పదహారో వంతు సంగతి తెలియదు.

అక్కణ్ణుంచి ఆయనే మమ్మల్ని వెనక గల్లీలో లక్క గాజులు చేసే ఇంటికి పంపాడు. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. వేడి ఆరేలోపు దాని మీద రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటిగా అద్దాలి. ఆ ఇంటి పెద్దావిడ మా చెల్లి చేత నాలుగు రాళ్లు పెట్టించింది. పెట్టేటప్పుడు వేళ్లకు తగిలే సెగ ఓర్చుకోవడం కష్టం. ఆవిడ రోజంతా అక్కడే కూర్చుంటుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి ప్రత్యేకత అనే అధికారిక గుర్తింపు, వచ్చిందని మాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. "పేరు వచ్చింది, కూలీ రావాలి" అంది. ఇలాంటి ఇంటికి వెళ్తే తప్పకుండా ఏదైనా కొనండి. మార్కుల కోసం గంటసేపు పని ఆపించి, చేతులు ఊపుకుంటూ రావడం మంచిది కాదు. కొట్టులో గట్టిగా బేరమాడండి, చేసినవాళ్ల ఇంట్లో వద్దు.

మిగతావి త్వరగా చెబుతాను. పత్తర్‌గట్టి అత్తరు కొట్టులో కళ్లు మూసుకుని మట్టి అత్తరు గుర్తుపట్టాలి. తొలకరి వాన పడ్డ నేల వాసన అది, కన్నౌజ్‌లో తయారవుతుంది. ఎవరైనా గుర్తుపడతారు, పని మరీ సులువు. మిఠాయిల మీద అద్దే పల్చటి వెండి రేకు, అదే వెండి వరఖ్, కొట్టే చోటుని చప్పుడు విని పట్టుకోవడం పిల్లలకు బాగా నచ్చింది. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే కొట్లున్నాయి. అక్కడ ఉర్దూ చేతిరాత రాసే ఆయనతో జట్టు పేరు రాయించుకోవాలి, ఆయన అడిగినంత ఇవ్వాలి. కలం పట్టిన తీరు చూడటానికైనా ఇది ఉంచుకోండి. పక్కనే పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్. 1851లో మొదలైన కొట్టు, మేము వెళ్లినప్పుడు నాలుగు మూలల నాన్ తందూర్ నుంచి తీసి చేతికిచ్చారు. కూర ఉండదు, వేడివేడిగా ఉత్తదే తిన్నా బాగుంటుంది.

పెన్సిలుతో మొదలుపెట్టి, అదిచ్చి ఇంకో వస్తువు, దాన్నిచ్చి మరొకటి మార్చుకుంటూ పోయే పని ఒకటి చాలా ఆటల్లో ఉంటుంది. కెనడాలో కైల్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన 2005లో ఒక ఎర్ర పేపర్ క్లిప్‌తో మొదలుపెట్టి, పద్నాలుగు మార్పిళ్లలో ఒక ఇల్లే సంపాదించాడు.  మా వదిన ఈ మార్పిడి పనిని పెద్ద కొట్లకే పరిమితం చేసింది, తోపుడు బండ్ల దగ్గర వద్దంది. ఆ మాట నిజమని అక్కడ తెలిసింది. పెద్ద కొట్టువాళ్లు సరదాగా బేరమాడి ఇస్తారు. బండి దగ్గర నిలబడితే జామకాయలమ్మే ఆయన మా పెన్సిలు తీసుకోకుండానే, "పిల్లలు ఆడుకుంటున్నారు" అని కాయలు ఇవ్వబోయాడు. అది అతని రోజు కూలీలో నుంచి పోయేది. డబ్బులిచ్చి కొనుక్కున్నాం.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి కార్డుల్లో లేకుండా విడిగా పెట్టింది వదిన. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఊళ్లో వేలమంది పోయారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇంత కథ ఉన్న చెట్టుని ఆటలో పెట్టాలనిపించడం సహజం. కానీ అక్కడ ఉన్నవాళ్లు రోగులు, వాళ్లకోసం కంగారుగా తిరిగేవాళ్లు. అక్కడ కాగితాలు పట్టుకుని ఎవర్నీ ఆపకూడదు. ఆట అయ్యాక చప్పుడు చేయకుండా వెళ్లి చూసి వచ్చాం.

చివరికి అందరూ కలవాల్సింది సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గర. గంటగంటకీ చిన్న తలుపు తీసుకుని ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. దానికోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. మీటింగ్ పాయింట్‌గా ఇంతకంటే మంచిది లేదు: నీడ, కుర్చీలు, మంచినీళ్లు, శుభ్రమైన టాయిలెట్లు. టాయిలెట్ల సంగతి జట్టులో ఆడవాళ్లుంటే ముందే ఆలోచించుకోవాలి. బజారులో సరైనవి దొరకవు. ఈ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండే నమ్మదగ్గవి. రెండూ శుక్రవారం సెలవు. శుక్రవారం మక్కా మసీదు దగ్గర నమాజుకి రద్దీ కూడా ఎక్కువ కాబట్టి ఆ రోజు ఆట పెట్టుకోవద్దు. పండగల ముందు కూడా వద్దు, కొట్టువాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు.

బస గురించి. ఊరి నుంచి వచ్చినవాళ్లం నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హోటల్‌లో దిగాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి, నాంపల్లి మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ దగ్గరే. కానీ బుకింగ్‌లో టిఫిన్ కలిపి అని చూపించి, వెళ్లేటప్పుడు బిల్లులో విడిగా వేశారు. స్క్రీన్‌షాట్ చూపిస్తేనే తీసేశారు, అందుకే అది దాచుకోండి. కొంచెం ఎక్కువైనా లక్డీకాపూల్ వైపు నిశ్శబ్దంగా ఉంటుంది, అదే మెట్రో లైను. హైటెక్ సిటీలో హోటల్ తీసుకుంటే రానూపోనూ సగం రోజు పోతుంది. టిఫిన్‌కి హోటల్ కంటే ఘాన్సీ బజార్‌లో గోవింద్ బండి దోశ మేలు, పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం మదీనా సెంటర్ దగ్గర షాదాబ్ హోటల్‌లో బిర్యానీ బాగుంది. పైన ఏసీ హాల్లో కూడా నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది. నలుగురికంటే ఎక్కువమంది ఉంటే భోజనాల వేళ దాటాక వెళ్లండి. కూరగాయల భోజనం తినేవాళ్లకు అక్కడ అంత సుఖం లేదు. ఆటో ఒకాయన వెళ్లేటప్పుడు చెప్పిన రేటు దిగేటప్పుడు మార్చాడు, ఆ తర్వాత యాప్‌లోనే బుక్ చేసుకున్నాం. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి, గల్లీల్లో పనిచేసేవాళ్లలో పెద్దవాళ్లు ఫోన్‌లో డబ్బులు తీసుకోవడానికి ఇష్టపడటం లేదు.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ మార్కులు లెక్కపెట్టాం. వరంగల్ జట్టు గెలిచింది. గెలిపించింది కమాన్ల కార్డే. వాళ్లు నాలుగు పేర్లతో ఆగకుండా, ఒక్కో పేరు చెప్పినవాళ్లు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో, ఆ సంగతి ఎవరి దగ్గర విన్నారో కూడా రాసుకొచ్చారు. వదిన దానికి మార్కులు పెట్టలేదు కదా అంటే, ఇప్పుడు పెడుతున్నానంది. ఎవరూ గొడవ చేయలేదు.

తర్వాతి ఆట విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మొదలు. కార్డులు రాసే పని నాకిచ్చారు. ముందుగా ఒక్కణ్ణే వెళ్లి, ఏ కొట్టులో ఏ వేళకు తీరిక దొరుకుతుందో, ఎవరికి కబుర్లంటే ఇష్టమో కనుక్కుని వాళ్లను అడిగి ఒప్పించి వస్తాను. ప్రశ్నలు ఆ తర్వాతే రాస్తాను.