ఫిఫ్త్ వీల్ క్యాంపర్‌కి ఏ ట్రక్ మేలు: హాఫ్ టన్నా, త్రీ-క్వార్టరా, వన్ టన్నా, డ్యూలీనా?

అమెరికాలో ఫిఫ్త్ వీల్ (ట్రక్ బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో తగిలించి లాగే పెద్ద క్యాంపర్ ట్రైలర్) కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది "నా ట్రక్ దీన్ని లాగుతుందా?" అని. చాలావరకు లాగుతుంది. ఈ నాలుగు తరగతుల్లో చిన్నదైన హాఫ్ టన్‌లోని ఫోర్డ్ ఎఫ్-150కి తగిన ఇంజనూ ప్యాకేజీ ఉంటే బ్రోషర్‌లో 13,000 పౌండ్లకు పైనే టోయింగ్ అంకె వేస్తారు. చిక్కు లాగడంలో లేదు, మోయడంలో ఉంది. బంపర్ వెనక బాల్‌కి తగిలించే మామూలు ట్రావెల్ ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతమే ట్రక్ మీద పెడుతుంది. ఫిఫ్త్ వీల్ అలా కాదు. దాని ముందు భాగం ట్రక్ బెడ్‌లోకి వచ్చి, వెనక యాక్సిల్ నెత్తిన కూర్చుంటుంది. 15 నుంచి 25 శాతం దాకా ట్రక్ మీదే పడుతుంది. కొనేముందు లెక్కకి 21 శాతం వేసుకుంటే మోసపోరు. ట్రైలర్ ముందు భాగం కింద ఉండే ఇనుప పిన్ ద్వారా పడే బరువు కాబట్టి దీన్నే పిన్ వెయిట్ అంటారు.

టోయింగ్ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాని మీద మోజు తగ్గుతుంది. ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించేటప్పుడు ట్రక్‌లో 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులే ఉంటారు. పిల్లలూ, ఐస్ చెస్టూ, జనరేటరూ అందులో ఉండవు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర ఎక్కుడు రోడ్డు మీద, మండుటెండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, మామూలు పికప్ గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలి. డ్యూలీకి, అంటే వెనక నాలుగు టైర్లున్న ట్రక్‌కి, 35 చాలు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ అది గట్టి పరీక్షే, కాదనం. కానీ మీ ట్రక్ వెనక స్ప్రింగులూ టైర్లూ మీ ఇంటి బరువు మోస్తాయా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

ముందు లెక్క, తర్వాత ట్రక్

ట్రైలర్ బ్రోషర్‌లో ఉండే డ్రై వెయిట్‌నీ, డ్రై పిన్ వెయిట్‌నీ పక్కన పెట్టేయండి. నీళ్లు లేకుండా, సామాను లేకుండా, ఒక్కోసారి బ్యాటరీ కూడా లేకుండా తూచిన బరువది. అలా ఎవరూ ప్రయాణం చేయరు. పైగా చాలా ఫిఫ్త్ వీల్స్‌లో బెడ్‌రూమ్, బట్టల అల్మరా, కింద పెద్ద స్టోరేజీ అన్నీ ముందువైపే ఉంటాయి. సోనా మసూరి బస్తాలు, గ్రైండర్, మడత కుర్చీలు, టూల్స్ అన్నీ ఆ కింది అరలోకి తోస్తారు. అక్కడ పెట్టిన బరువులో ఎక్కువ భాగం పిన్ మీదికే పోతుంది. అందుకే ట్రైలర్ గ్రాస్ వెయిట్, అంటే స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని రాసి ఉండే అంకె (సామానంతా కలిపి బండి దాటకూడని బరువు), దాని నుంచో, సామానుతో నిండాక తూగే బరువు నుంచో మొదలుపెట్టాలి.

డల్లాస్ నుంచి కొలరాడో వెళ్లే నలుగురున్న కుటుంబం అనుకుందాం. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 12,500, సామానుతో నిండాక 12,000 పౌండ్లు. పిన్ వెయిట్ 2,520. ట్రైలర్‌ని తగిలించడానికి బెడ్‌లో బిగించే హిచ్ 200. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిపి 440. బెడ్‌లో జనరేటరూ, కట్టెలూ, ఐస్ చెస్టూ 200. మొత్తం 3,360 పౌండ్లు. ఇదంతా ట్రక్ పేలోడ్‌లోంచే, అంటే అది మోయగల బరువులోంచే పోవాలి. డ్రైవర్ బరువు పేలోడ్‌లో కలవదని చాలామంది అనుకుంటారు. కలుస్తుంది. ట్యాంకులో ఇంధనం మాత్రం ముందే లెక్కలోకి వచ్చేసి ఉంటుంది.

ఇక మీ ట్రక్ పేలోడ్ ఎంతో చూడటానికి డ్రైవర్ తలుపు తెరవండి. డోర్ ఫ్రేమ్ మీద, పైన పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టికర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. అది మీ చేతిలో ఉన్న ఆ ఒక్క ట్రక్‌కే చెందిన అంకె. వెబ్‌సైట్లో కనిపించే "గరిష్ఠ పేలోడ్" ఏ సింగిల్ క్యాబ్, టూ-వీల్ డ్రైవ్, చిన్న ఇంజనున్న బండిదో అయి ఉంటుంది. పెద్ద సన్‌రూఫ్, పవర్ రన్నింగ్ బోర్డులు, లెదర్ సీట్లున్న టాప్ ట్రిమ్‌లో అదే మోడల్ కొన్ని వందల పౌండ్లు కోల్పోతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ స్టికర్ నిబంధన 10,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ లోపు బండ్లకే. వన్ టన్ ట్రక్కుల్లో చాలావాటికి అది ఉండకపోవచ్చు. అప్పుడు ట్యాంక్ నింపి ట్రక్‌ని కాటా మీద పెట్టి, వచ్చిన బరువుని జీవీడబ్ల్యూఆర్‌లోంచి తీసేయడమే దారి.

హాఫ్ టన్: ఎఫ్-150, సిల్వరాడో 1500, ర్యామ్ 1500

మామూలు క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) ఫోర్-వీల్ డ్రైవ్‌కి పేలోడ్ 1,400 నుంచి 1,900 మధ్య ఉంటుంది. పైన చెప్పిన 3,360కి సగమే. "హాఫ్ టన్ టోయబుల్" అని బోర్డు తగిలించి అమ్మే చిన్న ఫిఫ్త్ వీల్స్ సంగతి చూద్దాం. 9,500 జీవీడబ్ల్యూఆర్ అనుకుంటే, 20 శాతం లెక్కన పిన్ 1,900. ఇంకా ఎవరూ ఎక్కకముందే స్టికర్ అయిపోయింది. ఎఫ్-150లో హెవీ పేలోడ్ ప్యాకేజీతో వచ్చే అరుదైన బండ్లుంటాయి, వాటితో కుదరొచ్చు. కానీ డీలర్ లాట్‌లో అవి కనిపించవు, ఆర్డర్ పెట్టుకోవాల్సిందే.

హాఫ్ టన్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మేలైన దారి ఫిఫ్త్ వీల్ ఆశ వదులుకోవడం. 6,500 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ తీసుకుంటే బాల్ మీద పడేది సుమారు 850. బరువుని ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 100, కుటుంబం 440 కలిపితే 1,390. స్టికర్‌లో సరిపోతుంది. రిసీవర్ (ట్రక్ వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద ఉన్న లేబుల్‌లో టంగ్ వెయిట్, అంటే బాల్ మీద పడే బరువు, పరిమితి ఎంతో కూడా చూడాలి. పక్కగాలికీ, పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడూ ట్రావెల్ ట్రైలర్ ఊగుతుంది. ఫిఫ్త్ వీల్‌కి ఆ బాధ దాదాపు లేదు, ఎందుకంటే దాని పిన్ యాక్సిల్ మీదే ఉంటుంది, వెనక వేలాడదు. ఫిఫ్త్ వీల్ కావాలనడానికి అదే అసలైన కారణం.

త్రీ-క్వార్టర్ టన్ డీజిల్: చూపులకు బలం, స్టికర్‌లో నీరసం

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఎఫ్-250, ర్యామ్ 2500 డీజిల్ తీసుకుంటే ఇంజను టార్క్ వెయ్యి పౌండ్-ఫుట్ చుట్టుపక్కల, టోయింగ్ అంకె ట్రైలర్ కంటే చాలా ఎక్కువ. కానీ వీటిలో చాలా బండ్ల జీవీడబ్ల్యూఆర్‌ని 10,000 దగ్గర ఆపేస్తారు, ఆ గీత దాటితే పై క్లాసులో పడతాయి కాబట్టి. బలమైన డీజిల్ ఇంజనే పెట్రోల్ దానికంటే వందల పౌండ్లు ఎక్కువ తూగుతుంది. క్రూ క్యాబ్, ఫోర్-వీల్ డ్రైవ్ అన్నీ కలిసి బండే 7,700 ఉంటే, మిగిలేది 2,300. మన లెక్కకి వెయ్యికి పైగా తక్కువ.

అదే 2500 తరగతిలో పెట్రోల్ ఇంజనుతో తీసుకుంటే పేలోడ్ 3,000 పైన ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా, తక్కువ టార్కున్న బండి ఎక్కువ మోస్తుంది. 10,000 పౌండ్ల లోపు ఫిఫ్త్ వీల్‌కి త్రీ-క్వార్టర్ పెట్రోల్ నిజంగా మంచి బేరం.

"ఎయిర్ బ్యాగులు (వెనక స్ప్రింగుల దగ్గర బిగించే గాలి సంచులు) వేయించుకుంటే సరిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. ఎయిర్ బ్యాగులు వెనక కుంగిపోకుండా నిలబెడతాయి, అంతే. టైరూ, చక్రం, యాక్సిల్, బ్రేకు అవే ఉంటాయి. స్టికర్ మీద ఒక్క పౌండు కూడా పెరగదు.

వన్ టన్ సింగిల్ రియర్ వీల్

ఎక్కువ కుటుంబాలకి ఇదే సరైనది. ఎఫ్-350, ర్యామ్ 3500, సిల్వరాడో 3500 సింగిల్ రియర్ వీల్ (వెనక ఒక్కో పక్క ఒకే టైరున్న) డీజిల్‌కి పేలోడ్ 3,500 నుంచి 4,300 దాకా దొరుకుతుంది. చూడటానికి 250కీ 350కీ తేడా పట్టుకోవడం కష్టం. ఫ్రేమూ బ్రేకులూ చాలావరకు ఒకటే, వెనక స్ప్రింగులూ రేటింగూ వేరు. కొత్త బండి ధరలోనూ తేడా పెద్దగా ఉండదు. కాబట్టి డీజిల్ కావాలని నిర్ణయించుకున్నాక 250 దగ్గర ఆగడంలో అర్థం లేదు.

దీనికి హద్దు టైర్ల దగ్గర వస్తుంది. 275/70ఆర్18 లోడ్ రేంజ్ 'ఈ' (E) రకం టైరు 80 పీఎస్ఐ గాలితో సుమారు 3,640 పౌండ్లు మోస్తుంది. రెండూ కలిపి 7,280. వెనక యాక్సిల్ రేటింగ్ 7,000 చుట్టుపక్కల ఉండటం అందుకే. ఖాళీగా తిరిగేటప్పుడు గాలి తగ్గించి, ట్రైలర్ తగిలించే రోజు మళ్లీ నింపడం మరిచిపోతే ఈ లెక్కంతా గాలికి పోయినట్టే. 13,500–14,000 పౌండ్ల ట్రైలర్ దాకా సింగిల్ వీల్ వన్ టన్ సరిపోతుంది.

డ్యూలీ

వెనక నాలుగు టైర్లు, 14,000 జీవీడబ్ల్యూఆర్, 5,000 పైన పేలోడ్. 235/80ఆర్17 టైర్లు జంటగా బిగిస్తే ఒక్కోటి 2,830 పౌండ్ల చొప్పున, నాలుగూ కలిపి 11,000 దాటుతుంది. ఒక టైరు పేలినా పక్కది పట్టుకుంటుంది. 15,000–16,000 పౌండ్ల పెద్ద ట్రిపుల్ యాక్సిల్ ఫిఫ్త్ వీల్‌కి దీని గురించి ఆలోచించక్కర్లేదు, తీసుకోవడమే. రోజూ ఆఫీసుకీ, ఇండియన్ స్టోర్‌కీ ఇదే బండి అంటే మాత్రం నరకం. వెనక వెడల్పు 8 అడుగులు, పార్కింగ్ గడి 9 అడుగులు. ఆరు టైర్లు మార్చే ఖర్చు వేరే.

డీజిలా, పెట్రోలా?

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరకు వెళ్తే ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజను వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. ఫోర్డ్ 7.3 లీటర్ ఇంజను 430 హార్స్‌పవర్‌లో అక్కడ చేతికి మిగిలేది 290 దరిదాపుల్లో. ఎక్కుతుంది, కానీ లారీల వరుసలో, 4,500 ఆర్‌పీఎమ్ మోతతో. డీజిల్ టర్బో ఆ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. డీజిల్ అసలు సుఖం దిగేటప్పుడు తెలుస్తుంది. టన్నెల్ దాటాక 7 శాతం వాలులో ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని కొంత మూసి ఇంజనుతోనే వేగం తగ్గించేది) వేసుకుంటే కాలు బ్రేకు మీద పెట్టే పని తక్కువ. పెట్రోల్‌తో దిగేటప్పుడు గేరు ముందే తగ్గించి, బ్రేకుని నొక్కిపట్టకుండా మధ్యమధ్యలో గట్టిగా నొక్కి వదలాలి.

టెక్సాస్, ఫ్లోరిడా మైదానాల్లో ఏడాదికి మూడు నాలుగు ట్రిప్పులే అయితే డీజిల్‌కి అదనంగా పెట్టే పది వేల డాలర్లు తిరిగి రావు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ 10 నుంచి 13 క్వార్టులు, ఫ్యూయల్ ఫిల్టర్లు, పొగను శుభ్రం చేసే డెఫ్ ద్రవం. రోజూ అయిదు మైళ్ల ఆఫీసు ప్రయాణమే అయితే ఎగ్జాస్ట్ వేడెక్కదు, మసి ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకునే అవకాశం రాదు, డాష్‌బోర్డు మీద దీపాలు వెలుగుతాయి.

బెడ్ పొడవు

8 అడుగుల బెడ్ ఉంటే ఏ హిచ్ అయినా ఫర్వాలేదు. ఆరున్నర అడుగుల బెడ్‌లో పిన్‌కీ క్యాబ్‌కీ మధ్య దూరం తగ్గుతుంది. ట్రైలర్ వెడల్పు 102 అంగుళాలు, అంటే పిన్ నుంచి మూల దాకా కనీసం 51 అంగుళాలు. మలుపు 90 డిగ్రీలకు దగ్గరపడితే ఆ మూల వచ్చి క్యాబ్ వెనక అద్దం పగలగొడుతుంది. దీనికే స్లైడర్ హిచ్. క్యాంప్‌గ్రౌండ్‌లో వెనక్కి తిప్పేముందు దాన్ని వెనక్కి జరపాలి, పనయ్యాక ముందుకు తెచ్చి లాక్ పడిందో లేదో చూసుకోవాలి. అయిదున్నర అడుగుల బెడ్ అయితే ఫిఫ్త్ వీల్ మాట మరిచిపోవడం మేలు. పొడుగు బెడ్ క్రూ క్యాబ్ 22 అడుగులు, పొట్టిది కూడా 20 అడుగుల పైనే. గరాజ్ కోసమని పొట్టి బెడ్ కొనేవాళ్లు ముందు టేపు పెట్టి కొలుచుకోండి, చాలా గరాజుల్లో రెండూ పట్టవు.

బెడ్ అంచుకీ ట్రైలర్ అడుగుకీ మధ్య 6 అంగుళాల ఖాళీ ఉండాలి. ఇప్పటి హెవీ డ్యూటీ ఫోర్-వీల్ డ్రైవ్‌లు ఎత్తు ఎక్కువ. ఖాళీ కోసం హిచ్ పైకెత్తితే ట్రైలర్ ముక్కు లేస్తుంది, బరువు దాని వెనక యాక్సిల్ మీద పడి ఆ టైర్లు వేడెక్కుతాయి. అప్పుడు ఎత్తాల్సింది హిచ్ కాదు, ట్రైలర్‌నే.

కాటా మీద తేల్చుకోవడం

ఫ్లయింగ్ జే, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీ కాటా ఉంటుంది. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాలు మూడు పలకల మీద వేర్వేరుగా వచ్చేలా నిలపాలి. ట్రైలర్‌తో ఒకసారి, ట్రైలర్ విప్పి ఒకసారి, రెండుసార్లూ ట్యాంక్ నిండుగా, అందరూ లోపలే కూర్చుని, హిచ్ బెడ్‌లోనే ఉంచి తూచాలి. ఉదాహరణకి ట్రక్ ఒక్కటే 4,900 + 3,700 = 8,600. ట్రైలర్‌తో 4,850 + 6,250 = 11,100, ట్రైలర్ చక్రాల మీద 9,450. 11,100లోంచి 8,600 తీస్తే పిన్ 2,500. దానికి 9,450 కలిపితే ట్రైలర్ మొత్తం 11,950, పిన్ 21 శాతం. జీవీడబ్ల్యూఆర్ 11,500 ఉన్న వన్ టన్‌కి ఇది హాయిగా సరిపోయింది. అదే బరువు 10,000 ఉన్న 2500 మీద పెడితే 1,100 ఎక్కువైంది.

వెనక యాక్సిల్ కొద్దిగా దాటితే ముందు అరలోని సామాను ట్రైలర్ యాక్సిళ్ల వెనక్కి మార్చి చూడండి. నీళ్ల ట్యాంక్ యాక్సిళ్లకు ముందుంటే ఖాళీగా వెళ్లండి, గ్యాలన్‌కి 8.3 పౌండ్ల చొప్పున 50 గ్యాలన్లంటే 415 పౌండ్లు. పిన్ 15 శాతం కంటే దిగజారనివ్వకూడదు.

కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో మాట. ఫిఫ్త్ వీల్ జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటి 15,000 లోపు ఉంటే మామూలు క్లాస్ సీ లైసెన్సుకి రిక్రియేషనల్ ట్రైలర్ ఎండార్స్‌మెంట్ కావాలి. 15,000 దాటితే నాన్-కమర్షియల్ క్లాస్ ఏ. బే ఏరియాలో 16,000 పౌండ్ల ట్రైలర్ బేరం చేసేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందే లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు పని చూసుకోవాలి.