పద్దెనిమిదేళ్ళు దాటినా వాడుతున్నాను, ఎవరికీ కొనమని మాత్రం చెప్పను

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు చిన్న షాపుంది. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. 2006లో 2,800 రూపాయలు పెట్టి ఒక వీడియో క్యాప్చర్ కార్డు (క్యాసెట్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) కొన్నాను. ఆ డబ్బాలోనే ఒక సీడీ కూడా ఉంది. ఈ సమీక్ష ఆ సీడీలోని సాఫ్ట్‌వేర్ గురించే. కంపెనీ పేరు రాయను. కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్ళు ఆ పేరు వింటే చాలు, మొహం చిట్లిస్తారు. జేఎన్‌టీయూలో చదివే మా తమ్ముడి కొడుకు షాపుకొచ్చినప్పుడల్లా ఒకటే మాట: "పెదనాన్నా, దీన్ని ఇంకా పీకెయ్యలేదా?"

పీకెయ్యలేదు. ఎందుకో ముందు చెప్తాను.

క్యాసెట్ నుంచి బొమ్మ ఎక్కించడం పైకి కనిపించినంత తేలిక కాదు. మన టీవీలు, వీసీఆర్‌లు వాడిన పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా వస్తుంది. ముప్పై ఏళ్ళ నాటి టేపు సాగిపోయి, అక్కడక్కడా పూత రాలిపోయి ఉంటుంది. అలాంటి చోట సిగ్నల్ ఒక్క క్షణం తెగుతుంది. చాలా ప్రోగ్రాములు అక్కడ ఫ్రేములు వదిలేస్తాయి, మాట మాత్రం ఆగకుండా పరిగెత్తుతుంది. తలంబ్రాలు పోసే వేళకు భజంత్రీలు ఒక దారి, బొమ్మ ఇంకో దారి. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం తెగిన చోట పాత ఫ్రేమునే మళ్ళీ వేసి లెక్క సరిచేసుకుంటుంది. మూడు గంటల క్యాసెట్ చివర్లో కూడా పురోహితుడి పెదవులకూ మంత్రానికీ తేడా రాదు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఎంపెగ్-2 అనే వీడియో ఫార్మాట్‌లో ఎక్కిస్తే గంటకు 3.6 జీబీ అవుతుంది. పెళ్ళి క్యాసెట్‌కు అంతకు మించి పెట్టినా లాభం లేదు, టేపులోనే అంత బొమ్మ ఉండదు.

(మన జిల్లాలో వానల్లేవని అందరం ఏడుస్తాం గానీ, క్యాసెట్ల విషయంలో ఆ కరువే మేలు చేసింది. తేమ తక్కువ కాబట్టి టేపుకు బూజు పట్టడం నేను చూసింది తక్కువ. దుమ్ము మాత్రం తట్టలతో ఎత్తచ్చు.)

ఇంత బాగా పనిచేసేదానికి చెడ్డపేరు ఎలా వచ్చింది? లోపల ఇద్దరు మనుషులున్నారు, అంతే. ఒకడు క్యాప్చర్ రాసిన ఇంజనీరు. ఇంకొకడు సరుకు అమ్మేవాడు. మొదటివాడు కట్టిన ఇంట్లో రెండోవాడు తిష్ట వేశాడు. ఇన్‌స్టాల్ చేసిన రోజే ఈ సాఫ్ట్‌వేర్ నా పాటల ఫైళ్ళన్నీ తనతోనే తెరుచుకునేలా తన పేరు మీదికి మార్చుకుంది. సిస్టమ్ ఆన్ చేస్తే నేను పిలవకుండానే లేచి కింద గడియారం పక్కన కూర్చుంటుంది. అడగని ప్లేయరు ఒకటి, ఫోటో ఆల్బమ్ ఒకటి, డిస్కుల మీద అతికించే లేబుళ్ళు గీసేది ఇంకొకటి. తీసేస్తే పోతాయి, అప్‌డేట్ చూసే ముక్క మాత్రం పోదు. విండోస్ సర్వీసుల జాబితాలోకి వెళ్ళి చేత్తో ఆపాలి. మామూలు కస్టమర్‌కు ఇదంతా కనబడదు, వాళ్ళకు సిస్టమ్ స్లో అయిందని మాత్రమే తెలుస్తుంది. ఫార్మాట్ కొట్టేది మేము. అందుకే తిట్లన్నీ మాలాంటివాళ్ళ నోట్లోంచే వస్తాయి.

ఒకసారి ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల నేతన్న తన కూతురి పెళ్ళి క్యాసెట్ తెచ్చాడు, 1998 నాటిది. ఉన్నది ఆ ఒక్కటే కాపీ. "సామీ, జాగ్రత్త" అని మూడుసార్లు చెప్పి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. గంటా యాభై నిమిషాలు సాఫీగా సాగింది. అంతలో స్క్రీన్ నిండా కొత్త వెర్షన్ సగం ధరకే అంటూ ఒక బాక్స్ వచ్చి పడింది. దాని వెనక క్యాప్చర్ ఆగిపోయింది. ఫైలు తెరిస్తే అప్పగింతల దగ్గర నుంచి ఆకుపచ్చ చారలే. పాత టేపును తిప్పిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, రెండోసారి తెగితే ఆయనకేం చెప్పాలి? ఆ టెన్షన్‌తోనే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ శుభ్రం చేసి మళ్ళీ మొదటి నుంచి తిప్పాను. తెగలేదు. ఆయన ధర్మవరం ఆఖరి బస్సు మాత్రం తప్పిపోయింది.

ఈ వ్యవహారం కొత్తదేం కాదు. మీడియా సాఫ్ట్‌వేర్‌లో చెడ్డపేరంటే పాతవాళ్ళు ముందు చెప్పుకునేది పాటలు, వీడియోలు ఆడించే రియల్‌ప్లేయర్ సంగతి. దాని కంపెనీ సియాటిల్‌ది, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన రాబ్ గ్లేజర్ పెట్టింది. 1995లో, డయలప్ కాలంలో, ఫైలు మొత్తం దిగేదాకా ఆగకుండా దిగుతుండగానే వినిపించారు. అది చిన్న పని కాదు, ఈ రోజు మనం ఫోన్లో చూసే ప్రతిదానికీ ఆ దారే. అయితే 1999లో వాళ్ళ పాటల ప్రోగ్రాము రియల్‌జ్యూక్‌బాక్స్, జనం ఏం వింటున్నారో ఒక్కొక్కరి గుర్తింపు నంబరుతో సహా కంపెనీకి పంపుతోందని బయటపడింది. క్షమాపణ చెప్పి సరిచేశారు. 2006లో పీసీ వరల్డ్ పత్రిక ఎప్పటికీ అతి చెత్త టెక్ ఉత్పత్తులని ఒక పట్టీ వేస్తే రియల్‌ప్లేయర్‌ది రెండో స్థానం. 2008 జనవరిలో స్టాప్‌బ్యాడ్‌వేర్ సంస్థ దాని 10.5, 11 వెర్షన్లు రెండింటినీ బ్యాడ్‌వేర్, అంటే వాడేవాళ్ళను మోసపుచ్చే సాఫ్ట్‌వేర్, అంది. ఒకటేమో ప్రకటనల సంగతి సరిగ్గా చెప్పకుండా చూపిస్తోందట. ఇంకోటేమో చెప్పకుండా వేరే ప్లేయర్ ఇంజన్ ఎక్కించి, తనను తీసేసినా దాన్ని అక్కడే వదిలిపోతోందట. చదవగానే నా సీడీ గుర్తొచ్చింది.

పాట ఆగిపోయినందుకు ఎవరూ ఇన్నేళ్ళు పగ పట్టరు. అడగకుండా ఇంట్లో చొరబడ్డవాణ్ణి మాత్రం, తర్వాత వాడు ఎంత మర్యాదగా తలుపు తట్టినా, గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడతాం. నా సీడీ కంపెనీ కూడా కొత్త వెర్షన్లలో చాలావరకు తగ్గిందని విన్నాను. మా తమ్ముడి కొడుకు నమ్మడు. నేనూ డబ్బు పెట్టి చూడలేదు.

సినిమాలు, పాటలు చూసుకోవడానికైతే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు చాలు. పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టింది, ప్రకటన ఒక్కటి కూడా ఉండదు. 2022లో మన దేశంలో దాని వెబ్‌సైట్ కొన్నాళ్ళు తెరుచుకోలేదు, ఆ ఏడు నవంబరులో మళ్ళీ వదిలారు. ఆ మధ్యకాలంలో దొరికిన చోటల్లా దించుకున్నవాళ్ళ సిస్టమ్‌లు నా దగ్గరికి బాగానే వచ్చాయి, వీఎల్‌సీతో పాటు ఇంకేవేవో మోసుకుని. దించుకునేటప్పుడు దాన్ని తయారుచేసే వీడియోలాన్ వాళ్ళ సొంత సైట్ నుంచే దించుకోండి. కొత్తగా క్యాసెట్ల పని పెట్టుకునేవాళ్ళు యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు కొని, ఉచితంగా దొరికే ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. మంచి టేపులకు అది సరిపోతుంది.

అరిగిన టేపు వచ్చినప్పుడు మాత్రం నేను మూలనున్న పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ దగ్గరికే వెళ్తాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే చేతులెత్తేసింది. ధర్మవరం క్యాసెట్ సంగతి జరిగిన మర్నాడే దాని నెట్ కేబుల్ పీకేశాను, మళ్ళీ పెట్టలేదు. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇప్పటికీ ఒక బాక్స్ వస్తుంది, కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి, నెట్ కలపమని. క్యాన్సిల్ నొక్కి, క్యాసెట్ లోపలికి తోస్తాను.