డెత్ వ్యాలీలో ఒక పూట నడక: ఎక్కడ దిగాలి, ఏ దారి పట్టాలి

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో ఒక పూట నడిచి రావాలనుకునేవాళ్ళు ముందు ట్రైల్ (నడక దారి) చూసుకుని ఆ తర్వాత గది వెతుకుతారు. నన్నడిగితే ముందు గదే చూసుకోవాలి. ఎండ ముదిరేలోపు ఎంతసేపు నడవగలం అన్న దాని మీదే ప్లాన్ అంతా నిలబడుతుంది, అది రాత్రి ఎక్కడ పడుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

లాస్ వేగస్ నుంచి పారంప్ ఊరి మీదుగా, పార్కు లోపల హోటళ్ళూ విజిటర్ సెంటరూ ఉన్న ఫర్నెస్ క్రీక్ దాదాపు 120 మైళ్ళు, రెండు గంటల డ్రైవ్. చాలామంది పొద్దున్నే వేగస్‌లో బయల్దేరి సాయంత్రానికి వెనక్కి వచ్చేద్దామనుకుంటారు. డిసెంబర్, జనవరి అయితే పర్వాలేదు. కానీ పిల్లలున్న కుటుంబం టిఫిన్ కానిచ్చి, కారుకి గ్యాస్ (పెట్రోల్) కొట్టించుకుని, మధ్యలో ఒకట్రెండు చోట్ల ఆగి ట్రైల్ దగ్గర దిగేసరికి పది దాటుతుంది. ఎండాకాలం పల్లపు ప్రాంతాల్లో పది తర్వాత అసలు నడవొద్దని పార్కువాళ్ళే చెప్తారు, మార్చి నెలాఖరు నుంచే మధ్యాహ్నాలు గట్టిగా ఉంటాయి కాబట్టి నేనైతే అప్పటి నుంచే ఆ మాట పాటిస్తాను. 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది ఈ ఫర్నెస్ క్రీక్‌లోనే.

పార్కు లోపలే ఉండాలంటే ఫర్నెస్ క్రీక్‌లో ఇన్, రాంచ్ అని రెండు హోటళ్ళున్నాయి. ఇన్ 1927లో తెరిచిన పాత హోటల్, అందంగా ఉంటుంది కానీ ఒక్క నడక కోసం అంత ఖర్చు అనవసరం. రాంచ్ కూడా చవకేం కాదు. అయినా దానికే నా ఓటు, ఎందుకంటే నేను కింద చెప్పబోయే నడక మొదలయ్యే గోల్డెన్ కాన్యన్ (ఇరుకైన లోయ) అక్కడి నుంచి కారులో పది నిమిషాలు కూడా పట్టదు, తెల్లారేసరికి బూట్లు కట్టుకుని ట్రైల్ మొదట్లో ఉండొచ్చు. బడ్జెట్ చూసుకునేవాళ్ళకి నెవాడా వైపున్న బేటీ ఊరు మేలు, ముప్పావు గంట ముందు లేవాలి అంతే. పార్కులోనే ఉన్న మరో బస, స్టవ్‌పైప్ వెల్స్, సాదాసీదాగా ఉంటుంది, ఇసుక దిబ్బలూ మొజాయిక్ కాన్యనూ మీ లిస్టులో ముందుంటే అక్కడే దిగండి. ఇక తిండి సంగతి. పార్కు లోపల ఒక చోట రాత్రి భోజనానికి గంటకు పైగా నిలబెట్టారు, ఆకలితో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒక పూట తిండి వెంట తెచ్చుకోండి. గ్యాస్ కూడా లోపల బాగా ఎక్కువ, పారంప్‌లోనో బేటీలోనో ఫుల్ చేసుకుని రండి.

ఎంట్రీ కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. క్యాష్ తీసుకోరు, కార్డు ఉండాలి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది గోల్డెన్ కాన్యన్ నుంచి గవర్ గల్చ్ అనే ఎండిపోయిన వాగు మీదుగా తిరిగొచ్చే దారి, మొత్తం 4.3 మైళ్ళు. కాన్యన్‌లోకి అడుగుపెట్టగానే అక్కడక్కడా పాత తారు పెచ్చులు కనిపిస్తాయి, ఒకప్పుడు ఇందులోకి కార్లు వెళ్ళే రోడ్డు ఉండేది, 1976 వరద దాన్ని ఊడ్చేసింది. తారు పరిచిన రోడ్డుకే ఆ గతి పట్టిందంటే, దూరంగా కొండల మీద మబ్బు కమ్మినప్పుడు ఈ ఇరుకు గోడల మధ్య ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టు 20న ఒక్కరోజులో ఇక్కడ 2.2 అంగుళాల వాన పడింది, అది మామూలుగా ఏడాదంతా పడే దానికంటే ఎక్కువ. రోడ్లు నెలల తరబడి మూసేశారు. అందుకే బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో ఏ రోడ్డు తెరిచుందో చూసుకోవడం తప్పనిసరి.

పైకి వెళ్తుంటే గోడలు పసుపు, ఎదురుగా రెడ్ కథీడ్రల్ అనే నిట్టనిలువు కొండ ఎర్రగా నిలబడి ఉంటుంది, రాతిలోని ఇనుము తుప్పు వల్ల ఆ రంగు. అక్కడి దాకా వెళ్ళి వెనక్కి వస్తే సుమారు మూడు మైళ్ళు, పెద్దవాళ్ళతో వెళ్తే అది చాలు. మొత్తం దారి నడిచేవాళ్ళు మాన్లీ బీకన్ అనే కోసు శిఖరం కింద నుంచి గవర్ గల్చ్‌లోకి దిగాక నీడ ఉండదు, అదే అసలు పరీక్ష. అక్కడక్కడా బోరాక్స్ అనే ఖనిజం కోసం ఒకప్పుడు తవ్విన సొరంగాలు కనిపిస్తాయి, లోపలికి వెళ్ళొద్దు. చివర్లో నీళ్ళు లేని జలపాతం లాంటి ఎత్తైన రాతి అంచు వస్తుంది, నేరుగా దిగే ప్రయత్నం చేయకుండా కుడి పక్క సన్నటి బాట పట్టాలి. అక్కడ పిల్లల చెయ్యి వదలకండి.

నీళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అని పార్కు లెక్క. ట్రైల్ మొదట్లో టాయిలెట్ ఉంది కానీ నీళ్ళు లేవు, ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్‌లో బాటిళ్ళన్నీ నింపుకోవాలి. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, నల్ల టీషర్ట్ మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తేగానీ ఒంట్లోంచి ఎంత పోయిందో అర్థం కాదు. ఉత్త నీళ్ళు కాకుండా ఉప్పగా ఉండేదేదైనా తింటూ ఉండండి. సగం నీళ్ళు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, ఈ మాట దగ్గర మొహమాటాలు పెట్టుకోవద్దు.

మొజాయిక్ కాన్యన్ కూడా నాకు చాలా ఇష్టం. మొదటి అర మైలులోనే పాలరాయి గోడలు వరద నీళ్ళకి అరిగి నున్నగా ఉంటాయి, పొద్దున పూట అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. పిల్లలకి గోల్డెన్ కాన్యన్ కంటే ఇదే నచ్చుతుంది. అక్కడికి స్టవ్‌పైప్ వెల్స్ నుంచి రెండు మైళ్ళ మట్టి రోడ్డు, గతుకులుంటాయి, మామూలు కారైనా నెమ్మదిగా పోనిస్తే చేరుకుంటుంది. అద్దె కారు అయితే మట్టి రోడ్ల గురించి కాగితాల్లో ఏముందో ముందే చదువుకోండి, లోయలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, టైరు పోతే ఫోన్ చేసే వీలు కూడా ఉండకపోవచ్చు. మ్యాప్‌లు ముందు రాత్రే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. కుక్కల్ని మాత్రం ఈ ట్రైల్స్ మీదికి రానివ్వరు.