డాక్టర్లను పంపడమా, డిటెక్టివ్‌లను తయారు చేయడమా: ఏది మేలు?

పేద దేశాలకు వైద్య సాయం అంటే మందుల పెట్టెలు, అంబులెన్సులే గుర్తొస్తాయి. అంతకంటే కష్టమైంది పనితనాన్ని పంచడం. దీనికి క్యూబాది ఒక దారి, అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీది ఇంకో దారి.

క్యూబా ఏకంగా మనుషుల్నే పంపుతుంది. స్వాతంత్ర్యం రాగానే అల్జీరియా నుంచి ఫ్రెంచి డాక్టర్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే, 1963లో క్యూబా బృందం అక్కడ దిగింది. 2014లో ప్రాణాంతక అంటువ్యాధి ఎబోలాకు భయపడి అందరూ వెనకాడుతున్నప్పుడు ఒక్క సియెర్రా లియోన్‌కే 165 మందిని పంపింది. ఈ తెగువకు దండం పెట్టాల్సిందే.

కానీ బ్రెజిల్ సంగతి చూడండి. 2013 నుంచి వేలమంది క్యూబా డాక్టర్లు అమెజాన్ అడవుల్లో, మారుమూల ఊళ్లలో పనిచేశారు. 2018 నవంబరులో, కాబోయే అధ్యక్షుడు బొల్సొనారో పెట్టిన షరతులు నచ్చక క్యూబా వాళ్లను వెనక్కి పిలిచేసింది. 8 వేలకు పైగా డాక్టర్లు! ఉన్న ఒక్క డాక్టరూ క్యూబావాడే అయిన ఊళ్లు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. పైగా ఆ డాక్టర్ల జీతంలో పెద్ద భాగం క్యూబా ప్రభుత్వానికే వెళ్లేదన్న గొడవ ఒకటి.

సీడీసీ దారి నిదానం. ఆయా దేశాల ప్రభుత్వ డాక్టర్లనే తీసుకుని రెండేళ్లపాటు, ఎక్కువగా ఫీల్డ్‌లోనే, జబ్బు ఎక్కడ పుట్టింది, ఎవరి నుంచి ఎవరికి అంటుకుంది అని ఆరా తీయడం నేర్పుతారు. అంటే జబ్బుల డిటెక్టివ్‌లన్నమాట. 1980లో థాయిలాండ్‌లో మొదలైంది. తర్వాత ఇరుగుపొరుగు దేశాల వాళ్లకు థాయిలాండే నేర్పే స్థాయికి ఎదిగింది. మన ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ)లోనూ 2012 నుంచి ఈ తరహా శిక్షణ ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఫిట్స్ వచ్చి పడిపోతుంటే వచ్చిన కేంద్ర బృందంలో ఆ సంస్థ నిపుణులూ ఉన్నారు.

దీని సత్తా నైజీరియాలో తెలిసింది. 2014 జూలై 20న ఎబోలాతో ఒక ప్రయాణికుడు లాగోస్ విమానాశ్రయంలో దిగాడు. కోటి దాటిన జనాభా, ఇరుకు బస్తీలు. అతన్ని డిశ్చార్జ్ చేయమని ఎంత ఒత్తిడి వచ్చినా, అతనికి వైద్యం చేస్తున్న ఆసుపత్రి డాక్టర్ అమేయో అదదేవో ఒప్పుకోలేదు. చివరికి అదే జబ్బుతో ఆమె పోయారు. ఈలోగా అక్కడ అప్పటికే ఈ డిటెక్టివ్ శిక్షణ పొందినవాళ్లు, పోలియో సిబ్బందితో కలిసి రంగంలోకి దిగారు. రోగులతో మెలిగిన దాదాపు 900 మందిని గుర్తించి, ఒక్కొక్కరినీ 21 రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. ఇంటికెళ్లి జ్వరం చూడటం, రాసుకోవడం, మర్నాడు మళ్లీ వెళ్లడం. అలా 18,500 సార్లు! ఒకతను తప్పించుకుని పోర్ట్ హార్కోర్ట్ అనే మరో నగరానికి పోతే అక్కడా వెంటపడ్డారు. చివరికి జబ్బు సోకింది 20 మందికే, పోయింది 8 మంది. అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రకటించారు.

మూడో దారి మన దేశానిది: 2009లో మొదలైన ఆఫ్రికా ఈ-నెట్‌వర్క్, అంటే తెర మీద పాఠాలు, సలహాలు. ఖర్చు తక్కువ, మంచిదే. కాకపోతే తెరకు అవతల రోగి పొట్ట నొక్కి చూసే మనిషి ఉండాలి కదా!

నా ఓటు శిక్షణకే. అయితే డిటెక్టివ్ సిజేరియన్ చేయలేడు. అసలు డాక్టరే లేని ఊరికి ముందు క్యూబా బృందమే కావాలి. శిక్షణకూ ఓ తిరకాసు ఉంది. చాలా చోట్ల అది అమెరికా డబ్బు మీదే నడుస్తోంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు చాలా దేశాల ఆరోగ్య శాఖలకు టెన్షన్ పట్టుకుంది. నేర్చుకున్నవాళ్లు మంచి జీతానికి అంతర్జాతీయ సంస్థల్లోకి వెళ్లిపోవడమూ మామూలే. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కోర్సు అయ్యాక వీళ్లకు సొంత ఆరోగ్య శాఖలో పర్మనెంట్ పోస్టు ఉందా, జీతం ఎవరిస్తారు?