ఓఈటీ, ఓస్కీ రాసి యూకే వచ్చాను: మూడున్నరేళ్ల తర్వాత ఒక తిరుపతి నర్సు మాట

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీలు చేస్తూ 2021లో ఓఈటీకి, అంటే బయటి దేశాలకు వెళ్లే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్షకి, చదవడం మొదలుపెట్టాను. 2022 ఆగస్టులో ఇంగ్లండ్‌లో దిగాను. అప్పటి నుంచి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో, వయసు మళ్లిన వాళ్ల వార్డులో పని చేస్తున్నాను. సెలవుకి ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక అమ్మాయి ఇంటికొచ్చి "అక్కా, ఆ దారి మంచిదేనా? ఎంత కట్టినావు?" అని అడుగుతుంది. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు కట్టిన సంగతి. ఒక కన్సల్టెన్సీకి అరవై వేలు అడ్వాన్సు ఇచ్చాను. అది మా నాయన మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. వాళ్లు నాకు చేసి పెట్టింది ఒక సీవీ, అంతే. మిగతా రెండు లక్షలు ఎప్పుడు కడతావని ఫోన్లు మాత్రం వారం వారం వచ్చేవి. యూకేకి నర్సులను పంపే ఏజెన్సీ నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని అక్కడి ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. ఏజెన్సీకి డబ్బు ఇవ్వాల్సింది ఆసుపత్రి. ఇది నాకు తెలిసేసరికి అడ్వాన్సు పోయింది. చివరికి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల ఉద్యోగాలు పెట్టే ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్ సైట్‌లో సొంతంగా అప్లై చేశాను, వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది. సౌదీ, కువైట్ లాంటి ఈసీఆర్ దేశాల, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అడిగే దేశాల, లెక్క వేరు. అక్కడికి నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో కేంద్రం ఆదేశించింది. మన రాష్ట్రంలో అయితే బయటి దేశాల ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను అడగాలి.

ఖర్చు పెట్టాల్సింది ఇంగ్లిష్ మీద. ఓఈటీలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో బీ గ్రేడ్, అంటే 350 రావాలి. రైటింగ్‌లో సీ ప్లస్, అంటే 300 చాలు. నాకు మొదటిసారి మూడూ వచ్చి రైటింగ్‌లో 290 దగ్గర ఆగిపోయింది. ఫలితం చూసుకుని నైట్ డ్యూటీకి వెళ్లి డ్రెస్సింగ్ రూంలో ఏడ్చాను. తప్పు ఎక్కడుందో తర్వాత మా టీచరమ్మ చూపించింది. కేస్ నోట్స్ ఇచ్చి, తుంటి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్తున్న పేషెంటు గురించి ఇంటికొచ్చి చూసే నర్సుకు ఉత్తరం రాయమన్నారు. నేను ఆయన చిన్నప్పటి టాన్సిల్స్ ఆపరేషన్‌తో సహా అంతా ఏకరువు పెట్టాను. మనకు చదువులో ఎంత ఎక్కువ రాస్తే అన్ని మార్కులు. ఇక్కడ 180 నుంచి 200 మాటల్లో ముగించాలి, చదివే నర్సుకు రేపు పొద్దున ఏం కావాలో అదే ఉండాలి. రెండు నెలలు రోజుకొక ఉత్తరం రాసి టీచరమ్మతో దిద్దించుకున్నాను. రెండోసారి 330 వచ్చింది. రెండు సిట్టింగుల మార్కులు కలిపి చూపించే వీలుంది, ఇప్పుడు ఆ గడువు 12 నెలలు. పరీక్షకి నేను చెన్నై వెళ్లాను. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి రాసేద్దాం అనుకోకుండా ముందు రోజే చేరుకుని నిద్రపోండి.

కాగితాల దగ్గర ఒక్క మాట. మన దగ్గర ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్ల చేతికి ఇవ్వకండి. నేను ఇచ్చాను. తిరిగి తీసుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష సీబీటీ కష్టం కాదు. అసలు పరీక్ష ఇక్కడికి వచ్చాక ఉండే ఓస్కీ, నర్సు పనులు చేసి చూపించాలి. పది స్టేషన్లు, ఒక్కో దాంట్లో ఒక్కో పని, ఫీజు 794 పౌండ్లు. నాది ఆసుపత్రి కట్టింది. మొదటిసారి మందులిచ్చే స్టేషన్‌లో ఫెయిలయ్యాను. పేరు అడిగాను, పుట్టిన తేదీ అడిగాను, చార్టు చూశాను, అలర్జీ ఉందా అని మాత్రం అడగలేదు. రిస్ట్‌బ్యాండ్ నా కళ్ల ముందే ఉంది. ఐసీయూలో మత్తులో ఉన్న పేషెంట్లను చూసి చూసి, మనిషిని అడగడం అనే అలవాటే పోయింది నాకు. రెండోసారికి పాసయ్యాను.

అయితే ఈ దారి నాకిచ్చిన పెద్ద విషయం శ్వాస లెక్కపెట్టడం. మన దగ్గర చార్టులో శ్వాస గడిలో లెక్కపెట్టకుండానే 20 అని రాయడం ఎంత మామూలో నర్సులకు చెప్పక్కర్లేదు. నేనూ రాశాను, ఏళ్ల తరబడి. ఓస్కీలో పూర్తి నిమిషం, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. వార్డులోకి వచ్చాక ఒక రాత్రి 84 ఏళ్ల పెద్దావిడకి బీపీ బాగుంది, పల్స్ బాగుంది, ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. ఛాతీ మీద కన్ను వేసి లెక్కపెడితే 26 వచ్చింది. పేషెంటు ఎంత ప్రమాదంలో ఉన్నారో పాయింట్లు వేసి చూసే న్యూస్‌2 చార్టులో 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ ఒక్క గడికే మూడు పాయింట్లు, డాక్టరును పిలవాలి. పిలిచాను. న్యుమోనియా. గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కింది. వారానికి ఆవిడ లేచి కూర్చుని టీ అడిగింది. టీ కప్పు చేతికిచ్చి బయటికొస్తుంటే, నేను చూడకుండానే 20 రాసిన మన ఊరి అవ్వలు, తాతలు గుర్తొచ్చి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

జీతం సంగతి. నేను వచ్చినప్పుడు నర్సులు చేరే జీతం మెట్టు బ్యాండ్ 5లో మొదటి జీతం ఏడాదికి 27,055 పౌండ్లు, 2025-26లో 31,049. వారానికి 37.5 గంటలు. పన్ను, పెన్షన్, ఇంటద్దె పోగా మిగిలేది ఊళ్లో అనుకునేంత ఉండదు. అయినా రెండో ఏడాది గొలుసు విడిపించాను. ముందే మానేస్తే ఆసుపత్రి పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలని కాంట్రాక్టులో ఉంటుంది, సంతకానికి ముందు ఆ పేజీ చదవండి. పేషెంటుకి ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం ఇక్కడ నర్సు పనే, ఆయాల మీద వదిలేసేది కాదు. సిస్టర్ అంటే ఇక్కడ వార్డు ఇన్‌ఛార్జి. ఆ పిలుపు వినక ఇన్నేళ్లయింది. ఎవరినైనా అవ్వా అని పిలవాలని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఇప్పుడు రావాలనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. 2022తో పోలిస్తే బయటి దేశాల నర్సులను తీసుకోవడం బాగా తగ్గింది. నర్సు ఉద్యోగం దొరకలేదు, కేర్ వర్కర్‌గా పంపిస్తాం అంటే నమ్మకండి. బయటి నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తెచ్చుకునే వీసా 2025 జులై 22న ఆగిపోయింది. ఉన్న ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చోకండి. అనుభవంలో ఖాళీ వస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు.

చంద్రగిరిలో మా పిన్ని కూతురు ఇప్పుడు ఓఈటీకి చదువుతోంది. రాత్రి వీడియో కాల్‌లో దానితో వాళ్ల అవ్వ శ్వాస లెక్కపెట్టిస్తాను, ఫోన్ పక్కన పెట్టించి, పూర్తి నిమిషం. మొదట్లో సగంలోనే "అయిందక్కా, ఇరవై" అనేది. నిన్న నిమిషం నిండేదాకా మాట్లాడలేదు. పదిహేడు అంది.