మూడు .357 రివాల్వర్లు, మూడు ట్రిగ్గర్లు

స్టెయిన్‌లెస్ స్టీల్, ఆరు రౌండ్లు (తూటాలు), నాలుగు అంగుళాల బ్యారెల్ (గొట్టం), .357 మాగ్నమ్ అనే బలమైన తూటా. అమెరికాలో ఒక్క రివాల్వర్ చాలనుకునే వాళ్లలో చాలామంది తిరిగి తిరిగి ఇక్కడికే వస్తారు. ఈ కొలతల్లో స్మిత్ అండ్ వెసన్ 686, రూగర్ జీపీ100, కోల్ట్ పైథాన్ మూడింటినీ పక్కపక్కన పెట్టి కాల్చే అవకాశం నాకు బాగానే దొరికింది. మొదటి రెండూ నావి, పైథాన్ మా మరిదిది. ముందే చెప్పేస్తాను: కొత్తగా నేర్చుకునేవాళ్లకి 686 ఇస్తాను. నా దగ్గర ఒక్కటే ఉండాలంటే జీపీ100 ఉంచుకుంటాను. మూడింటిలో చేతికి అన్నిటికంటే హాయిగా ఉండేది మాత్రం పైథాన్.

నేను మెకానికల్ ఇంజనీర్ని. హ్యూస్టన్‌లో వాల్వులు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చూస్తాను. నాన్నకి గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. కాబట్టి రివాల్వర్ చేతికొస్తే నేను మొదట చూసేది మెరుపు కాదు, లోపలి భాగాలు ఒకదాన్నొకటి ఎలా తోస్తున్నాయన్నది. అది తెలిసేది ట్రిగ్గర్ దగ్గరే.

డబుల్ యాక్షన్‌లో హ్యామర్‌ని, అంటే తూటా పేలేలా కొట్టే చిన్న సుత్తిని, బొటనవేలితో లాగే పని లేదు. ట్రిగ్గర్ నొక్కుతూ పోతే ఆ ఒక్క కదలికలోనే హ్యామర్ వెనక్కి వెళ్తుంది, తూటాలుండే సిలిండర్ తిరిగి తరవాతి చాంబర్ (తూటా గది) బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి లాక్ అవుతుంది, హ్యామర్ పడుతుంది. ఇంత పని వేలే చెయ్యాలి కాబట్టి బరువు దాదాపు 5 కిలోలు ఉంటుంది. హ్యామర్ ముందే లాగి పెట్టుకుంటే, అంటే సింగిల్ యాక్షన్‌లో, 2 కిలోల చుట్టుపక్కలే. సింగిల్ యాక్షన్‌లో మంచి రివాల్వర్లన్నీ ఇంచుమించు ఒకేలా అనిపిస్తాయి. షాపులో హ్యామర్ లాగి ఒకసారి టిక్కుమనిపించి "బాగుంది" అనేవాళ్లకి అసలు తేడా తెలియదు. పొడవాటి లాగుడులో బరువు ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ గరగరలాడుతోంది, చివర్లో వేలు ఆగిపోతోందా అన్నవే చూడాలి.

686 పుట్టుక వెనక ఒక పగులు కథ ఉంది. స్మిత్ అండ్ వెసన్ 1950ల్లో కె-ఫ్రేమ్ అనే మధ్యరకం ఫ్రేమ్‌లో .357 మాగ్నమ్ పెట్టింది. అది మోడల్ 19. మోయడానికి తేలిక, పోలీసులకి బాగా నచ్చింది. కాకపోతే సిలిండర్ మూసుకోవడానికి చోటు కావాలని బ్యారెల్ వెనక అంచును కింది వైపు చదునుగా చెక్కారు. తూటా బ్యారెల్‌లోకి దూరే చోటైన ఫోర్సింగ్ కోన్ గోడ అక్కడ పలచబడింది. 125 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) బుల్లెట్ ఉన్న తేలికపాటి మాగ్నమ్ రౌండ్లు అదే పనిగా కాలిస్తే ఆ పలచని చోటే పగిలేది. దానికి జవాబుగా 1980ల మొదట్లో ఎల్-ఫ్రేమ్ వచ్చింది, 686 అందులోదే. బ్యారెల్, సిలిండర్ దగ్గర లోహం పెంచారు, చేతిపట్టు కొలత మాత్రం కె-ఫ్రేమ్‌దే ఉంచారు. నాలాంటి చిన్న చేతులవాళ్లకి ఈ నిర్ణయం ఎంత మేలు చేసిందో చెప్పలేను. కిలోకి పైగా బరువున్న తుపాకి, అయినా ట్రిగ్గర్‌కి వేలు ఇబ్బంది లేకుండా అందుతుంది.

దాని డబుల్ యాక్షన్ పెట్టెలోంచి తీసినప్పుడే సాఫీగా ఉంటుంది. బరువు ఒకే తీరుగా సాగి, దాదాపు చెప్పకుండానే హ్యామర్ పడుతుంది. వేలిని తొందరపెట్టకుండా నేర్చుకునేవాళ్లకి ఇదే కావాలి. మెయిన్‌స్ప్రింగ్ చదునైన పట్టీ, దాని బిగువుని పిడి ముందు భాగంలో ఉన్న చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ తేలికవుతుందని ఆ స్క్రూ వదులు చేసుకునేవాళ్లు ఉన్నారు. చెయ్యొద్దు. హ్యామర్ దెబ్బ బలం తగ్గి, తూటాని అంటించే ప్రైమర్ పేలదు. నాకు నచ్చని భాగం సిలిండర్ తెరిచే లాచ్ పైనున్న తాళం రంధ్రం. 2001లో కంపెనీ చేతులు మారాక ఈ తాళం వచ్చింది. పనికి అడ్డం రాలేదు గానీ, తుపాకిని సేఫ్‌లో పెట్టే ఇంట్లో దాని అవసరం లేదు, ఉన్నంతకాలం యంత్రంలో ఒక భాగం అదనమే. తాళం లేనివి ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి, దొరికితే అవే తీసుకోండి.

ఇక జీపీ100. దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

రూగర్ దీన్ని 1980ల మధ్యలో తెచ్చింది. 686కి, పైథాన్‌కి ఫ్రేమ్ పక్కన విప్పదీసే పలక ఉంటుంది, లోపలి భాగాలు అటునుంచి పెడతారు. జీపీ100కి ఆ పలకే లేదు. రెండు వైపులా నిండు గోడలు. పిడి తీసి, హ్యామర్ లాగి, స్ప్రింగ్ కడ్డీ రంధ్రంలో చిన్న పిన్ను దూరిస్తే స్ప్రింగ్ కడ్డీతో సహా బయటికి వస్తుంది, తరవాత హ్యామర్, ఆపైన ట్రిగ్గర్ గుంపంతా ఒకే ముక్కగా కిందినుంచి దిగుతుంది. గన్‌స్మిత్ అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు. సిలిండర్ లాక్ కూడా, కాలిన తూటా గొట్టాల్ని బయటికి తోసే ఎజెక్టర్ రాడ్ కొస మీద ఆధారపడదు. ముందువైపు క్రేన్, అంటే సిలిండర్‌ని మోసే చేయి, నేరుగా ఫ్రేమ్‌లోకి లాక్ అవుతుంది. రాడ్ కొంచెం వంగినా సిలిండర్ లాక్ పట్టేయదన్నమాట. డిజైన్ చేసినవాళ్లు వాడేవాడి కష్టం ముందే ఆలోచించారని ప్రతి భాగంలో కనిపిస్తుంది.

"పోత ఫ్రేమ్" అని దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు తరచూ తగులుతారు. స్మిత్ ఫ్రేమ్ ఫోర్జింగ్, అంటే సాగగొట్టిన ఉక్కు, రూగర్‌ది ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్. మైనంతో అచ్చు చేసి, దాని మీద పింగాణీ పొర కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఉక్కు పోస్తారు. మన ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా బొమ్మల వెనక ఉన్నదీ ఈ మైనపు పోత సూత్రమే, అక్కడ మట్టి, ఇత్తడి. ఇక్కడ న్యూ హాంప్‌షైర్‌లోని న్యూపోర్ట్‌లో రూగర్ సొంత ఫౌండ్రీలో ఉక్కు. ఒకే కొలతకి పోత ఫ్రేమ్ కాస్త బలహీనమే కావచ్చు, అందుకే వాళ్లు లోహం ఎక్కువ పెట్టారు. నేను రోజూ పనిలో చూసే వాల్వు బాడీలు చాలావరకు పోతవే, అవి పెద్ద పెద్ద ఒత్తిళ్లు మోస్తున్నాయి. పోత అన్న మాట విని జంకాల్సిన పని లేదు.

దీని ట్రిగ్గర్ మాత్రం కొత్తలో గరుకు. లాగుతుంటే మధ్యలో ఇసుక తగిలినట్టు ఉంటుంది. ఖాళీ తుపాకితో డ్రై ఫైర్ చెయ్యొచ్చని రూగర్ మాన్యువల్‌లోనే ఉంది. సాయంత్రాలు అలా లాగుతూ పోతే భాగాలు ఒకదానికొకటి అలవాటుపడతాయి. తరవాత విప్పి, శుభ్రం చేసి, నూనె చుక్క వేస్తే వేరే తుపాకిలా ఉంటుంది. 686 అంత సాఫీ అవదు. కానీ ఆ మార్పు నా చేతిలో జరిగింది, మళ్లీ కావాలంటే నేనే చేసుకోగలను. అందుకే ఒక్కటే ఉంచుకోమంటే దీన్ని ఉంచుకుంటానన్నాను.

పైథాన్ 1955లో వచ్చింది. ఆ పాతవి చేత్తో అమర్చినవి, లోతైన నీలి పాలిష్‌కి పేరు. 2000ల మధ్యలో ఆగిపోయాయి, సేకరించేవాళ్ల చేతుల్లో ధరలు ఆకాశానికెక్కాయి. 2020 జనవరిలో కోల్ట్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో కొత్తది తెచ్చింది, కంపెనీ చెప్పిన ధర అప్పుడు 1,499 డాలర్లు. లోపలి భాగాలు తగ్గించారు, వెనక సైట్ కింద ఫ్రేమ్‌ని బలపరిచారు. మొదటి రోజుల్లో కొన్నింటిలో ట్రిగ్గర్ మెల్లగా లాగితే సిలిండర్ సరిగా తిరగడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి. మా మరిదిది తరవాత తయారైంది, అందులో అలాంటిదేమీ లేదు.

దాని ట్రిగ్గర్ అద్భుతం. పాత కోల్ట్‌లకి చివర్లో బరువు పేరుకునే గుణం ఉండేది, కొత్తదాంట్లో అది దాదాపు పోయింది. మొదలు నుంచి చివరిదాకా నూనెలో జారినట్టు సాగుతుంది. "వదినా, దీని తరవాత నీ రూగర్ పట్టుకోబుద్ధి కాదు" అంటాడు మరిది. ట్రిగ్గర్ వరకు అతని మాట కాదనను. కానీ నా అలవాట్లన్నీ దీని దగ్గర తారుమారు. 686 లాచ్ ముందుకి తొయ్యాలి, జీపీ100ది లోపలికి నొక్కాలి, పైథాన్‌ది వెనక్కి లాగాలి. సిలిండర్ తిరిగేది కూడా మిగతా రెండింటికీ ఎదురు దిక్కున, గడియారం ముల్లులా. రెండు కంపెనీలవి మార్చి మార్చి కాల్చేవాళ్లకి రీలోడ్ దగ్గర చెయ్యి తడబడుతుంది. పైగా మిగతా రెండూ వెయ్యి డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి. ఆ తేడా డబ్బుతో చాలా రౌండ్లు వస్తాయి, చేతికి నైపుణ్యం తెచ్చేది ఆ రౌండ్లే.

కాల్చేటప్పుడు మూడింటికీ నియమాలు ఒకటే. .38 స్పెషల్ రౌండ్లు .357 తుపాకిలో కాల్చుకోవచ్చు, నా అభ్యాసం ఎక్కువ భాగం వాటితోనే. అయితే .38 కేస్ (తూటా గొట్టం) పొట్టిది కాబట్టి చాంబర్‌లో దాని ముందు మసి ఉంగరం కడుతుంది. దాన్ని బ్రష్‌తో తీయకుండా మాగ్నమ్ రౌండ్లు పెడితే బిగుసుకుంటాయి. ఇండోర్ రేంజ్‌లో మాగ్నమ్ చప్పుడు దారుణం, ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని పైన ఇయర్ మఫ్స్ కూడా వేసుకోండి. రెండో చేతి వేళ్లు సిలిండర్ ముందు అంచు దగ్గరికి పోనివ్వకండి, సిలిండర్‌కి, బ్యారెల్‌కి మధ్య సందులోంచి వచ్చే వేడి వాయువు చర్మం కోస్తుంది.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక మాట. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటి కొనుక్కోవచ్చు. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి చేతిలో ఉండటమే నిషేధం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, స్నేహితుడు రేంజ్‌కి పిలిచాడని వెళ్లే ముందు లాయర్ని అడగండి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ పోలిక వేరే లోకం. అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్లు ఎక్కువగా చూసేది కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్లు. వాటి మూలం పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్లు, మధ్యలో మడతలా తెరిచి తూటాలు పెట్టేవి. 2014లో వచ్చిన నిర్భీక్ కూడా .32నే, టైటానియం మిశ్రమంతో అరకిలో బరువు.

పాత 686 కొంటుంటే సిలిండర్ తెరిచి, క్రేన్ వెనక మోడల్ నంబర్ పక్కన ఎం అక్షరం ఉందో లేదో చూడండి. 1987 ఆగస్టుకి ముందు తయారైన వాటిలో ఫైరింగ్ పిన్ దగ్గర ఒక లోపం ఉండేది, కంపెనీ సరిచేసి ఆ గుర్తు వేసింది. తరవాత, తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ని వేలితో తేలిగ్గా ఆపుతూ హ్యామర్ మెల్లగా లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి నిలిచేలోపే సిలిండర్ టక్కుమని లాక్ అవ్వాలి. ఆరు చాంబర్లకీ విడివిడిగా చూడాలి. ఫీలర్ గేజ్ ఉంటే సిలిండర్‌కి, బ్యారెల్‌కి మధ్య సందు కొలవండి, అంగుళంలో వెయ్యో వంతులు 4 నుంచి 8 వరకు ఉంటే బాగున్నట్టే. గేజ్ బయటికి తీస్తే మొహం చిట్లించే షాపులు ఉన్నాయి. అక్కడ కొనకండి.